కావలి కాచిన క్రీడాకారిణి – వెండీ రెనార్



ఈ దినమున నేను ప్రస్తావింపబోవు వ్యక్తి మన దేశమున పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశమున ఫుట్‌బాల్, అనగా కాలిబంతి ఆటయే జీవనవృత్తిగా గైకొనిన వనిత. పేరు వెండీ రెనార్. పురాణశ్రవణమునకు అలవడిన పెద్దలు, ఆడుపిల్ల బంతి తన్నిన కథ మాకేల యని రేడియో చెవి మెలిపెట్టవలదని ప్రార్థన. ఈ కథలో ఒక బడి యున్నది, బడిలో ఉపాధ్యాయులున్నారు. జన్మమంతయు బడిలోనే గడపినవాడను గనుక నాకు చెప్పవలెనని తోచినది.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. జట్టునకు 11 మంది. గోలు కాచువారు తప్ప తక్కినవారు బంతిని చేత ముట్టరాదు. ముందువరుసవారు గోలు చేయుదురు. లోకము వారి పేరే తలచును. వెనుకవరుసవారి పని ఎదిరివారిని గోలు చేయనీయకుండుట. జొన్నచేనిలో మంచె యెక్కిన కావలివానిని తలచుకొనుడు. పంట ఇల్లు చేరిననాడు దున్నినవానిని, విత్తినవానిని మెచ్చుకొందురు. కావలివాడు ఒక్క జాము కునికినచో, పిట్టలు తిన్న కంకులను ఊరంతయు చూచును. నష్టము జరుగకుండుటయే వాని ఘనత. జరుగనిదానిని ఎవరు చూతురు? వెండీ రెనార్ రమారమి ఇరువది యేండ్లు అట్టి కావలి కాచినది.

ఆమె 1990 జూలై 20వ తేదీన మార్టినిక్ ద్వీపమున జన్మించెను. అది కరీబియన్ సముద్రమున, పారిస్ నగరమునకు సుమారు 7,000 కిలోమీటర్ల దూరమున ఉన్నను, ఫ్రాన్సులోని భాగమే. ఆమె పెరిగిన ఊరు లె ప్రెషూర్, పెలే అను అగ్నిపర్వతపు పాదమున నున్న చిన్న పల్లె. (1902లో ఆ కొండ బ్రద్దలై పొరుగుననున్న సెంట్ పియేర్ పట్టణమును కాల్చివేసెను.) నలుగురు ఆడుపిల్లలలో ఆమె కడపటిది. ఎనిమిదవ యేట తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుచే మరణించెను.

బడిలో ఒకనాడు, పెద్దయైన పిమ్మట ఏ వృత్తి చేపట్టెదరో వ్రాయుడని పిల్లల నడిగిరి. వెండీ వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారిణి నగుదునని తెలిపెను. ఆడువారికి అట్టి వృత్తి లేదని ఉపాధ్యాయులు సెలవిచ్చిరి. విమానములో ప్రయాణికులకు పరిచర్య చేయు ఉద్యోగమును కూడ ఆమె పేర్కొనెను. ఇది పెద్దయైన పిదప ఆమె స్వయముగా చెప్పిన సంగతి.

ఆ ఉపాధ్యాయులను నేను నిందింపను. ఆనాటి ఫ్రాన్సులో బంతియాటచే పొట్ట పోసికొను స్త్రీలు మిక్కిలి అరుదు. కాని మన తర్కశాస్త్రమున ‘లేకుండుట’ కూడ ఒక్క తీరున చెప్పబడలేదు. కుండ చేయకమునుపు మట్టిలో కుండ లేకుండుట ప్రాగభావము. గాలికి రంగు లేకుండుట అత్యంతాభావము. కుమ్మరి సారె త్రిప్పి కుండ చేసినంతనే మొదటిది నశించును; రెండవది మూడు కాలములయందును నశింపదు. ఆ పిల్ల అడిగిన వృత్తి మొదటి తెగలోనిది. దానిని రెండవ తెగలో చేర్చి చెప్పిరి. తొమ్మిదేండ్ల పిల్లకు, పదేండ్ల పిల్లకు ఈ భేదము ఎవరు బోధింతురు? పెద్దలు లేదన్నచో ఎన్నటికిని లేదనియే పిల్లలకు వినబడును.

ఈమెకు మాత్రము అట్లు వినబడలేదు. పదునారేండ్లు నిండకమునుపే సముద్రము దాటి, పారిస్ సమీపమున క్లెర్‌ఫోంటేన్ అను జాతీయ శిక్షణ కేంద్రమున పరీక్షకు నిలిచెను. అచట ఎంపిక కాలేదు. పిమ్మట లియోన్ నగరపు క్లబ్బువారు చూచి చేర్చుకొనిరి. ఇది 2006 నాటి మాట. ఆ క్లబ్బు ఆనాటి అధ్యక్షుడు జాన్ మిషెల్ ఓలాస్ ఆడువారి జట్టుపై ధనము వెచ్చించుటకు వెనుదీయనివాడు. సారె తిరుగనారంభించినది. లియోన్ మహిళలు 2007 మొదలు 2020 వరకు వరుసగా 14 మార్లు ఫ్రాన్సు విజేతలైరి. ఐరోపాఖండపు ఛాంపియన్స్ లీగును వెండీ ఆ జట్టుతో 8 మార్లు గెలిచెను. మొదటిది 2011లో లండనులో. ఆనాటి రెండు గోలులలో మొదటిది ఆమెదే.

వెనుకవరుసయామె గోలు చేయుటెట్లని సందేహము కలుగవచ్చును. మైదానపు మూలనుండి బంతిని తన్ను అవకాశము వచ్చినపుడు పొడగరులు వెనుకనుండి ముందునకు వచ్చి తలతో బంతిని పొడుతురు. ఈమె యెత్తు 187 సెంటీమీటర్లు, ఆరడుగులకు పైమాట.

2019లో ప్రపంచపు పోటీ ఫ్రాన్సులోనే జరిగెను. జూన్ 7న పారిస్‌లో కొరియాపై ఆమె తలతో రెండు గోలులు చేసెను. దేశము జేజేలు పలికెను. అయిదు దినములకే నీస్ నగరమున నార్వేతో ఆడుచు, అడ్డుపడబోయి బంతిని తన గోలులోనికే పంపెను. ఆట గెలిచిరి కాని ఆ తప్పును లోకమంతయు మరల మరల చూచినది. పిట్ట తిన్న కంకి యన్నమాట! జూన్ 28న అమెరికా చేతిలో 2-1గా ఓడిననాడు ఫ్రాన్సు చేసిన ఆ యొక్క గోలును ఆమెదే.

దేశపు జట్టున ఆమె 2013లో నాయకురాలాయెను. 2017లో క్రొత్తగా వచ్చిన శిక్షకురాలు ఆ పదవిని మరియొకరికిచ్చి, 2021లో తిరిగి ఈమెకే అప్పగించెను. 2023 ఫిబ్రవరి 24న వెండీ, నాటి పరిస్థితులలో ప్రపంచపు పోటీకి వెళ్లజాలననియు, తన మనస్సును కాపాడుకొనవలెననియు ప్రకటించెను. వెంటనే మరియిద్దరు అట్లే తప్పుకొనిరి. నాయకురాలే విడుచుట తగునా యనవచ్చును. మంచెకాలు పుచ్చినదని చెప్పి దిగినవాడును, చేను విడిచి పారిపోయినవాడును నా దృష్టిలో ఒక్కటి కారు. మార్చి 9న సంఘమువారు శిక్షకురాలిని తొలగించిరి. క్రొత్త శిక్షకుని పేరు హెర్వె రెనార్. ఇంటిపేరే గాని బంధుత్వము లేదు. వెండీ తిరిగివచ్చి, జూలై 29న బ్రిస్బేన్ నగరమున బ్రెజిల్‌పై 83వ నిమిషమున తలతో గెలుపు గోలు చేసెను. 2025 ఐరోపా పోటీకి వేరొక శిక్షకుడు ఆమెను ఎంపిక చేయలేదు. క్రీడాకారుల ప్రాయము మన పదవీవిరమణ ప్రాయము వంటిది కాదు.

మన దేశమునను ఈ కుండ తయారగుచున్నది. మణిపురమున పుట్టిన ఆశాలతా దేవి వెనుకవరుస క్రీడాకారిణియే. 2024 అక్టోబరులో ఖాట్మండు నగరమున పాకిస్తానుతో ఆడినది ఆమెకు భారతదేశము పక్షమున నూరవ ఆట. మన మహిళలలో ఆ సంఖ్య నందుకొనిన ప్రథమురాలు ఆమెయే. ఇక మన నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టున చేరెను. ఆమెది ముందువరుస గనుక ఆమె పేరు మీరు పత్రికలలో చూచియే యుందురు.