సెలవు లేని జబ్బు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నాకు పది నిమిషాలు ఇచ్చారు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌కు అలవాటు పడిన ప్రాణం నాది. కాస్త ఎక్కువైతే ఓర్చుకోండి.

చదువుల గురించి మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. స్కాలర్‌షిప్పుల గురించి, బడి మానేసిన పిల్లల గురించి చెబుతానని ఆయన అనుకుని ఉంటారు. నేను ఒక్క ఆడపిల్ల గురించి, వాళ్ళమ్మ గురించి చెబుతాను. మన సొసైటీ సాయం అందుకున్న కుటుంబమే. పేరు, వీధి చెప్పను. చెప్పవచ్చా అని ఆ తల్లిని అడిగితే ఆమె పెట్టిన షరతు అదొక్కటే.

నాలుగేళ్ళ క్రితం ఆ పిల్ల ఎనిమిదో తరగతి. దసరా సెలవులయ్యాక బడికి వచ్చేసరికి బాగా చిక్కిపోయింది. పీరియడ్‌లో రెండుసార్లు, మూడుసార్లు "టీచర్, బయటికి పోయి రానా" అనేది. వచ్చి కూర్చుని సీసాడు నీళ్ళు తాగేది. మళ్ళీ చెయ్యెత్తేది. మూడో రోజు నాకు విసుగొచ్చింది. "తాగడం, పోవడం, ఇంతేనా? చదువెప్పుడు?" అని అందరి ముందూ నిలబెట్టాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుంది.

నేను జీవశాస్త్రం టీచర్ని. బి.ఇడి. చదివాను, పిల్లల మనస్తత్వం మీద పరీక్షలు రాసి పాసయ్యాను. పదో తరగతికి ఏటా బోర్డు మీద క్లోమం బొమ్మ గీసి, లాంగర్‌హాన్స్ పుటికలు, ఇన్సులిన్, అతిదాహం, అతిమూత్రం అని గడగడా చెప్పేదాన్ని. ఎదురుగా బెంచీ మీద అదే జబ్బు కూర్చుని ఉంటే గుర్తుపట్టలేకపోయాను. వారం తర్వాత ఆ పిల్ల ఆసుపత్రిలో ఉందని తెలిసింది. మీటరులో అంకె కూడా రాలేదట. 'హై' అని మాత్రం చూపించిందట.

షుగర్ అంటే మనకందరికీ తెలుసనుకుంటాం. ఈ హాల్లోనే సగం మంది జేబుల్లో మాత్రలు ఉంటాయి. ఇది ఆ షుగర్ కాదు. దీన్ని టైప్-1 అంటారు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరం తానే నాశనం చేసుకుంటుంది. మాత్రలకు లొంగదు, నడకతో తగ్గదు. బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే. తీపి తిన్నందువల్ల రాదు, తల్లి పెంపకం వల్ల రాదు. అయినా చుట్టాలు ఊరుకోలేదు. "పెళ్ళిళ్ళలో డబల్ కా మీఠా తెగ పెట్టేది కదా" అన్నారు. ఆ మాట ఆ తల్లి నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో.

ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాదో రెండేళ్ళో బతికేవారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మరుసటి ఏడాది దాని పేటెంటును ఒక్కొక్కరూ ఒక్క డాలరు తీసుకుని అక్కడి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అంటే మందు దొరికి వందేళ్ళు దాటింది. ఇక మిగిలింది దాన్ని రోజూ, తప్పకుండా, సరైన మోతాదులో ఆ పిల్ల ఒంట్లోకి చేర్చడం. ఆ పనే నేను మీకు చూపించాలనుకున్నది.

పొద్దున ఫజర్ నమాజు అవగానే వేలు పొడిచి నెత్తురు చుక్క స్ట్రిప్పు మీద పెట్టి చూడాలి. అంకెను బట్టి ఇంజెక్షన్. అరగంట ఆగి టిఫిను. మధ్యాహ్నం మళ్ళీ, రాత్రి మళ్ళీ, పడుకునే ముందు ఇంకోటి. రోజుకు నాలుగు సూదులు, నాలుగు వేలిపోట్లు. ఏడాదికి లెక్క వేయండి, మూడు వేలకు ఎనభై తక్కువ. ఆదివారం లేదు, పండుగ లేదు, పరీక్షల రోజు లేదు.

ఇన్సులిన్ ఎంత ఇవ్వాలన్నది రోజూ ఒకటే అయితే ఏ గొడవా లేదు. తినేది ఇడ్లీలా, అన్నమా, ఎవరి వలీమాలోనో బిర్యానీయా? ఆ రోజు ఆటల పీరియడ్ ఉందా? జ్వరం ఉందా? అన్నింటికీ లెక్క మారుతుంది. ఆ తల్లి ఐదో తరగతి చదివి ఆపేసింది. ఆమె మనసులో వేసే లెక్క నా పదో తరగతి పిల్లలు కాగితం మీద వేయలేరు. ఇంకో సంగతి చూడండి. 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజి వాడాలి, 100 యూనిట్ల దానికి నారింజ మూతది. మందుల షాపులో కుర్రాడు ఒకటి బదులు ఇంకోటి ఇస్తే మోతాదు రెండున్నర రెట్లు అటో ఇటో అయిపోతుంది. ఆమె బురఖా జేబులో పాత సిరంజి మూత ఒకటి ఎప్పుడూ ఉంటుంది. షాపులో అది తీసి చూపించి, "ఈ రంగుదే ఇవ్వండి" అంటుంది.

వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. మొదట పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టేవారు. వాళ్ళింటికి వచ్చినవాళ్ళు ఆ సీసా ఎవరిదని అడుగుతుంటే తీసేశారు. ఆడపిల్ల కదా, జబ్బు సంగతి బయటపడితే రేపు పెళ్ళి కాదని భయం. పేరు చెప్పొద్దన్నదీ అందుకే. ఇప్పుడు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, ఆ ఇసుకను తడుపుతూ ఉంటారు. సీసా లోపలి కుండలో ఉంటుంది. పల్నాటి ఎండల్లో మే నెలంతా రోజుకు నాలుగైదుసార్లు తడపాలి. మరిచిపోయి మందు వేడెక్కితే, చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒంట్లో మాత్రం పనిచెయ్యదు.

పగలు సరే. రాత్రి షుగర్ పడిపోతే నిద్రలో తెలియదు. అందుకని ఆ తల్లి రెండు గంటలకు లేచి పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చెమట పట్టిందేమో చూస్తుంది. అనుమానం వస్తే వేలు పొడుస్తుంది. నాలుగేళ్ళుగా ఇంతే. సొంత చెల్లెలి పెళ్ళి వినుకొండలో జరిగితే పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేసింది. తండ్రికి పంక్చర్ షాపు. మంచి మనిషే, కానీ సూది చూస్తే కళ్ళు తిరుగుతాయంటాడు. నాకెందుకో ఆ మాట పూర్తిగా నమ్మాలనిపించదు. మన ఇళ్ళలో మగవాళ్ళకు కళ్ళు తిరిగే పనులు కొన్ని ఉంటాయి, పెద్దలు కోపగించుకోవద్దు.

ఆ పిల్లకు ఓ తమ్ముడున్నాడు. రెండో తరగతిలో ఉండగా ఒకసారి వాళ్ళమ్మతో అన్నాడట, "అమ్మీ, నాకూ షుగర్ వస్తే బావుణ్ణు" అని. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, నవ్వింది. నాకే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇక మన సంగతి. జబ్బు బయటపడ్డాక వచ్చిన రంజాన్‌లో మన జకాత్ నిధి నుంచి ఆ కుటుంబానికి పన్నెండు వేలు ఇచ్చాం. అల్లాహ్ కబూల్ చేయుగాక. ఇన్సులిన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే దొరికేది. స్ట్రిప్పులు బయట కొనుక్కోవాలి, ఒక్కోటి పదిహేను, ఇరవై రూపాయలు. సిరంజీలు, బస్సు చార్జీలు, మూడు నెలలకోసారి చేయించే పరీక్ష అన్నీ కలిపి నెలకు రెండున్నర వేలు దాకా అయ్యేది. మనమిచ్చిన డబ్బు ఐదు నెలలు వచ్చింది. తర్వాత నాలుగు స్ట్రిప్పులు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి, ఆపైన అందాజు మీద ఇంజెక్షన్లు. ఆ సమయంలోనే బంధువు ఒకాయన ఏదో చూర్ణం పొట్లాలు తెచ్చి, "ఇన్సులిన్ అలవాటైతే ఇక మానలేరు, ఇది వాడండి" అన్నాడు. చేతిలో డబ్బు ఉంటే ఆ మాట వినేవారు కాదేమో. మూడు రోజులు ఇన్సులిన్ ఆపారు. వాంతులు, ఆయాసం, మగత. నాలుగు రోజులు ఐ.సి.యు.లో ఉంది.

ఆ బిల్లు అరవై వేలు. మన వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు రోజుల్లో పోగయింది. మీలో చాలామంది ఇచ్చారు, నేనూ నాకు చేతనైనంత ఇచ్చాను. అందరికీ తృప్తిగా అనిపించింది. తర్వాత ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. అరవై వేలంటే రెండేళ్ళ స్ట్రిప్పులు, సిరంజీలు. ఐ.సి.యు.కు రెండు రోజుల్లో అరవై వేలు తేగలిగిన మన దగ్గర నెలకు రెండున్నర వేలు ఇచ్చే పద్ధతి లేదు. రసీదు పుస్తకంలో 'ఆపరేషన్' అని ఒక గడి ఉంది, 'పెళ్ళి' అని ఉంది, 'ఫీజు' అని ఉంది. ప్రతి నెలా, ఏళ్ళ తరబడి కావాల్సినదానికి గడి లేదు. తక్కువైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమన్న ప్రవక్త (స) మాట జుమా ఖుత్బాల్లో మనం ఎన్నోసార్లు విన్నాం.

రంజాన్ గురించి కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా రోజా పెట్టింది. స్నేహితురాళ్ళంతా పెడుతున్నారు, తానొక్కతే తినడానికి సిగ్గు. ఒంటిపూట బడి వదిలే వేళకు వరండాలో చేతులు వణుకుతూ, ఒళ్ళంతా చెమటతో, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబుతూ కనిపించింది. అప్పటికి నేను కొంత నేర్చుకుని ఉన్నాను. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాను, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేశాం. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది ఇక్కడున్న టీచర్లందరూ గుర్తుంచుకోండి. సాయంత్రం మా మసీదు ఇమాం గారు వాళ్ళింటికి వచ్చారు. సూరా బఖరాలో రోగికి ఉన్న మినహాయింపు గురించి, ఫిద్యా గురించి ఆ పిల్లకు నెమ్మదిగా చెప్పి, "నీకిచ్చిన రియాయత్ తీసుకోవడం తప్పు కాదు బేటీ" అన్నారు. డాక్టరు పదిసార్లు చెప్పినా తగ్గని సిగ్గు ఆ ఒక్క మాటతో చాలావరకు పోయింది. ఈ విషయంలో మన ఇమాంలు చేయగలిగినది డాక్టర్లు కూడా చేయలేరు.

బడి సంగతికి వస్తే, 2017లోనే సి.బి.ఎస్.ఇ. ఈ పిల్లలు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్ళలు, తినుబండారాలు తెచ్చుకోవచ్చని చెప్పింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అన్ని రాష్ట్రాలకూ రాసింది. తరగతిలో షుగర్ చూసుకోనివ్వాలి, ఇంజెక్షన్ చేసుకోనివ్వాలి, అవసరమైతే తిననివ్వాలి అని. కాగితం వచ్చింది, బడుల్లో ఎంతమంది చదివారో మరి. మా బడిలో ఆ పిల్ల అంతవరకూ మరుగుదొడ్డిలో నిలబడి ఇంజెక్షన్ చేసుకునేది. ఇప్పుడు స్టాఫ్ రూములో ఓ మూల కర్టెన్ కట్టాం. బీరువాలో చక్కెర డబ్బా పెట్టాం. దానికి మొత్తం మీద అయిన ఖర్చు మూడు వందలు.

నేనడిగేది ఇది. ఇలాంటి కుటుంబాలను మనం కొన్నింటినైనా ఎంచుకుందాం, షుగర్ పిల్లలే కానక్కర్లేదు, డయాలసిస్ వాళ్ళున్నారు, తలసీమియా పిల్లలున్నారు. ప్రతి నెలా ఐదో తేదీలోగా వాళ్ళకు కావాల్సినవి మందుల షాపులోనే అందేలా చేద్దాం. పేరు మీద కాదు, నంబరు మీద. ఫోటో వద్దు, ఈ సంచికలో కూడా వద్దు. ఏడాది మాట ఇచ్చేవాళ్ళే ఇవ్వండి. మధ్యలో ఆగేదైతే మొదలుపెట్టకపోవడమే నయం, ఆగినప్పుడు ఏమవుతుందో చెప్పాను కదా.

డబ్బు ఇవ్వలేని అక్కచెల్లెళ్ళకు వేరే పని ఉంది. వేలు పొడిచి చూడడం, ఇంజెక్షన్ చెయ్యడం, షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో తెలుసుకోవడం నర్సమ్మ దగ్గర రెండు మూడు పూటల్లో నేర్చుకోవచ్చు. నేను యాభై రెండో ఏట నేర్చుకున్నాను. పోయిన శీతాకాలంలో ఆ తల్లికి జ్వరం వస్తే ఆ పిల్లను రెండు రాత్రులు మా ఇంట్లో పెట్టుకున్నాను. "నువ్వు పడుకో చెల్లీ, రెండింటికి నేను లేస్తాను" అని చెప్పి పంపాను. నేను అలారం పెట్టుకుని లేచి పిల్ల మెడ మీద చెయ్యి పెట్టేసరికి ఫోను మోగింది. "ఆపా, చూశారా?" అంది. రెండో రాత్రి మాత్రం మోగలేదు. ఆ రాత్రి ఆమె పొద్దున ఏడింటిదాకా నిద్రపోయిందట.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, బై.పి.సి. గ్రూపు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. తలుపు దగ్గర బల్ల మీద పత్రాలు పెట్టాను. మీ పేరు రాయడం ఇష్టం లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, నెలకెంత, ఎన్ని నెలలు అన్నవి మాత్రం తప్పకుండా రాయండి.