వంటకు ఊరి పేరు
(సంఘ సభలో చదివిన ప్రసంగ పాఠము)



మన పూర్వులు ఊరు విడిచి తరములు గడచినవి. అయినను పండుగ నాడు మన యిండ్లలో వినవచ్చెడి పిండివంటల పేర్లు మారలేదు. వానిలో కొన్నింటికి ముందు ఒక ఊరి పేరు నిలిచియున్నది: బందరు లడ్డు, ఆత్రేయపురము పూతరేకులు. ఇట్టి పేర్లను నేడు చట్టము కాపాడుచున్నది. అది మనకు మేలు చేయునా, అడ్డు వచ్చునా అను విషయమును గూర్చి కొంత మనవి చేయదలచితిమి.

వస్తువుల భౌగోళిక సూచికల చట్టమును పార్లమెంటు 1999లో చేసినది. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. నమోదు కార్యాలయము చెన్నైలో కలదు. మొట్టమొదట నమోదైనది డార్జిలింగు తేయాకు. వస్తువు యొక్క గుణముగాని, ఖ్యాతిగాని అది పుట్టిన చోటును బట్టి వచ్చినదని నిరూపింపవలెను. నిరూపించినచో పదేండ్లకు నమోదు లభించును. గడువు తీరిన పిమ్మట మరల పొడిగించుకొనవచ్చును. ఈ హక్కు ఒక వర్తకుని సొత్తు కాదు. దానిని అమ్ముటకుగాని, తాకట్టు పెట్టుటకుగాని వీలులేదు. ఆ ప్రాంతమున నియమము ప్రకారము ఆ వస్తువును చేయు ప్రతివారును తమ పేరు నమోదు చేయించుకొనవచ్చును. తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో, పూతరేకులకు 2023లో ఈ గుర్తింపు లభించినది.

మన చిక్కు ఇచ్చటనే ఆరంభమగుచున్నది. బందరు నుండి వచ్చిన కుటుంబ మొకటి బరంపురముననో, హోసూరుననో మిఠాయి అంగడి పెట్టినదనుకొందము. సెనగపిండితో పూస వేయించి, దంచి, జల్లించి, బెల్లపు పాకమున కలిపి, నేతితో మరల దంచి లడ్డు చుట్టెడి విధము తాతల నాటిదే. రుచియు అదే. అయినను డబ్బాపై బందరు లడ్డు అని అచ్చువేసి అమ్మినచో చిక్కు తప్పదు. ఏలయన చట్టము చూచునది వంశమును కాదు, నేలను.

ఇది అన్యాయమని మాకును మొదట తోచినది. కాని ఒక సంగతి ఆలోచింపవలెను. ఎవరు పడిన అక్కడ వాడగా వాడగా ఊరి పేరు సామాన్య నామమై పోయినచో, చట్టము దానికి రక్షణ ఈయదు. అప్పుడు నష్టపోవువారు బందరులో ఆ పనినే నమ్ముకొన్న మనవారే. కావున ఆ పేరును వారికి విడుచుట మర్యాద. తొక్కుడు లడ్డు అను మాట చేయు విధానమును తెలుపును గాని ఊరిని తెలుపదు. మన అంగళ్లకు ఆ పేరు చాలును.

ఇక రెండవ వైపు చూడుడు. తమిళనాడులో కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లో నమోదు లభించినది. ఆ నల్లరేగడి సీమలో తెలుగు కుటుంబములు తరతరములుగా సేద్యము చేయుచున్నవి. వారి వలస కథనే కి. రాజనారాయణన్ గారు తమ తమిళ నవలలో చిత్రించిరి. అచ్చట ఆ మిఠాయి చేయువారు ఇంట ఏ భాష మాట్లాడుదురో చట్టము అడుగదు. బందరు పేరును మనకు నిరాకరించిన న్యాయమే మనము స్థిరపడిన ఊరి పేరుపై ఇరుగుపొరుగు వారితో సమానమైన హక్కును మనకు ఇచ్చుచున్నది.

అయితే హక్కునకు సాక్ష్యము కావలెను. రసగుల్ల విషయమున బెంగాలు 2017లో, ఒడిశా 2019లో వేర్వేరుగా నమోదు పొందినవి. ఒడిశావారు పూరీ క్షేత్రాచారమును, ప్రాచీన గ్రంథమును సాక్ష్యముగా చూపిరి. మన వంటలకు అట్టి వ్రాత ఎక్కడ నున్నది? అవ్వల చేతులలోను, నోళ్లలోను తప్ప మరెక్కడను లేదు. అవ్వతో బాటు అదియు పోవుచున్నది.

కావున ప్రతి కుటుంబమును ఒక పని చేయవలెనని మా ప్రార్థన. మీ యింటి వంట పేరు, దినుసులు, చేయు విధము, ఏ ఊరి నుండి వచ్చినది, ఎన్ని తరములుగా చేయుచున్నారు అను సంగతులను ఒక కాగితముపై వ్రాయుడు. పాత అంగడి చీటీ, పెండ్లి పద్దు ఉన్నచో భద్రపరచుడు. ఈ పండుగ దాటకుండ వ్రాసి సంఘమునకు అందజేయ వేడుచు సెలవు గైకొనుచున్నాము.