తుఫానులో ఉన్నవారికి ఒక మాట – అపొస్తలుల కార్యములు 27

కళింగపట్నం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల హోరు వినబడితే అది సముద్రమే, ఏమీ అనుకోకండి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీసి పెట్టుకోండి. పౌలు ఓడ తుఫానులో చిక్కుకున్న అధ్యాయం. గాలి గురించి మన తీరంవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరితోటల్ని, జీడితోటల్ని పడగొట్టేసింది. 2021 సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అయితే తుఫాను ఒక రాత్రి ఉండి పోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏళ్ల తరబడి పోనిది కిడ్నీ జబ్బు. ఈరోజు మాట ముఖ్యంగా ఆ ఇళ్లకోసం.

మంచంమీద ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్లి, బయటికొచ్చి "ఏటి పాపం చేసారో" అనేవాళ్లున్నారు. విశ్వాసులే అంటారు, అదే బాధ. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఎండలో చేసే కష్టం చూశారు. కారణం ఇదొక్కటే అని పరిశోధకులకే తేలలేదు. మనకెలా తేలిపోయింది? యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులూ ఇదే అడిగారు. వాడిదీ కాదు, వాడి తలిదండ్రులదీ కాదు అన్నారు ప్రభువు.

ఇప్పుడు ఓడలోకి వెళ్దాం. ఊరకులోను అనే పెనుగాలి. చాలా రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. ఇక బతకం అనుకున్నామని లూకా రాస్తాడు. చూడండి, "వాళ్లు" అనలేదు, తనను కూడా కలుపుకొనే రాశాడు. ఆశ పోయిందని చెప్పుకోవడం అవిశ్వాసమైతే ఆ వచనం బైబిల్లో ఉండదు కదా.

ఆ తర్వాత దేవదూత పౌలుతో చెప్పాడు: ఓడ పోతుంది, ప్రాణం ఒక్కటీ పోదు. వాగ్దానం దొరికింది. ఇక ప్రార్థన చేసుకుంటూ కూర్చోవచ్చు కదా? పద్నాలుగో రాత్రి ఓడవాళ్లు లంగర్లు వేసే నెపంతో పడవ దించి పారిపోబోయారు. పౌలు వెంటనే శతాధిపతికి చెప్పాడు, వీళ్లు ఓడలో లేకపోతే మీరెవరూ బతకరని. దేవుని మాట చేతిలో ఉన్నవాడే, ఓడ నడపడం తెలిసినవాళ్లని వదులుకోలేదు!

డయాలసిస్ చేసే సిస్టరు, మందు రాసే డాక్టరు మీ ఓడవాళ్లు. "నూనె రాసి ప్రార్థన చేశాం, ఇక డయాలసిస్ మానెయ్యి" అని ఎవరైనా చెబితే, పాస్టరైనా సరే, వినొద్దమ్మా. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ సూదులతో పడుకోవడం ఎంత విసుగో నాకు తెలుసు. అయినా మానొద్దు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, వెళ్లండి. ఉపవాస ప్రార్థన సంగతి కూడా డాక్టర్ని అడిగాకే. మీరు తినండి, మీ బదులు మేం ఉపవాసం ఉంటాం.

తెల్లవారుజామున పౌలు చేసిందీ అదే, బ్రతిమాలి తినిపించాడు. రొట్టె పట్టుకొని, దేవునికి స్తోత్రం చెప్పి, ముందు తనే తిన్నాడు. ఓడలో 276 మంది. అందరూ తిన్నారు. రోగిని చూసుకునే భార్యలు, తల్లులు, మీకే చెప్తున్నాను: మీరు తిని ఎన్నాళ్లయింది? సంఘస్థులారా, ఆ ఇంటికి వాక్యంతోపాటు ఒక పూట అన్నం పట్టుకెళ్లండి. రోగికి ఏం పెట్టొచ్చో, ఎన్ని నీళ్లు తాగొచ్చో ఇంట్లోవాళ్లని అడిగి మరీ వండండి. ఆటో చార్జీ కూడా చేతిలో పెట్టండి.

చివరికి ఓడ బద్దలైంది. కొందరు ఈదారు, ఈత రానివాళ్లు చెక్కలు పట్టుకొని ఒడ్డుకి చేరారు.

కళ్లు మూసుకుందాం. తండ్రీ, రేపు తెల్లవారకముందే డయాలసిస్‌కి బయల్దేరే బిడ్డలున్నారు. దారిలో తోడుండండి. సూది గుచ్చే చేతిని స్థిరపరచండి. ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్లకి ఈ రాత్రి నిద్ర ఇవ్వండి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.