రూపాయి తినకపోయినా మోసమేనా?

మొన్న మా తమ్ముడు ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, సత్యం రాజుగారు కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని లెటర్‌లోనే రాశారంట కదా, మరి అది మోసం ఎలా అయింది?" వాడికి ఇరవై రెండేళ్లు. మొదటి జీతం నుంచే ఫోన్‌లో యాప్ పెట్టుకుని షేర్లు కొంటున్నాడు. అందుకే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోలేకపోయాను.

2009 జనవరి 7. హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి లెటర్ రాశారు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు బ్యాలెన్స్ కలిపి 5,361 కోట్లు ఉంటే, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు! 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్క రోజులో 40కి పడిపోయింది. వెంటనే కేంద్రం పాత బోర్డుని పక్కనపెట్టి కొత్తవాళ్లని వేసింది. దర్యాప్తుని సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీస్‌కి, అంటే ఎస్ఎఫ్ఐఓకి ఇచ్చింది. సీబీఐ కూడా దిగింది.

ఎస్ఎఫ్ఐఓ 2003లో పెట్టిన ఆఫీసు. లెక్కలు తెలిసినవాళ్లు, బ్యాంకింగ్, టాక్స్, లా తెలిసినవాళ్లు ఒకే చోట కూర్చుని ఫైళ్లు చూస్తారు. లాఠీ కంటే లెడ్జర్‌తోనే వాళ్లకి పని ఎక్కువ.

సత్యం దర్యాప్తుల్లో బయటపడ్డవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక్కటే. కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'సూపర్ యూజర్' అనే లాగిన్ ఉండేది. నకిలీ ఇన్వాయిస్‌లకి 'హెచ్' అని గుర్తు, అంటే హైడ్. అసలువాటికి 'ఎస్', అంటే సీ. 'హెచ్' పెట్టిన బిల్లు మామూలు ఉద్యోగికి స్క్రీన్ మీద కనబడదు, అమ్మకాల లెక్కలోకి మాత్రం వచ్చేస్తుంది. ఇలాంటివి 7,500 పైనే! పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి కూడా తెలియదన్నమాట.

ఇంత దొరికాక శిక్ష ఎంత? 2014 డిసెంబరులో, ఎస్ఎఫ్ఐఓ పెట్టిన కంపెనీ చట్టం కేసుల్లో పడింది ఆరు నెలలు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ఏడేళ్ల శిక్ష సీబీఐ పెట్టిన కేసుది, అది ఐపీసీ కింద. (దాన్ని కూడా పై కోర్టు ఆ మే నెలలోనే నిలిపివేసి బెయిల్ ఇచ్చింది, అది వేరే కథ.) 1956 నాటి పాత కంపెనీ చట్టానికి పళ్లు లేవు, అంతే.

2013 చట్టం ఇక్కడే మారింది. సెక్షన్ 447లో 'ఫ్రాడ్' అంటే ఏంటో రాశారు. కంపెనీకి, వాటాదారులకి, అప్పిచ్చినవాళ్లకి నష్టం చేయాలని గానీ, అన్యాయంగా లాభం పొందాలని గానీ నిజం దాచినా, పదవిని వాడుకున్నా మోసమే. చివర్లో ఇంకో మాట కలిపారు: నిజంగా లాభం వచ్చిందా, నష్టం జరిగిందా అన్నదానితో సంబంధం లేదు. అంటే "నేను రూపాయి తినలేదు" అన్న ఒక్క మాటతో ఇప్పుడు బయటపడలేరు. పదేళ్ల దాకా జైలు. ప్రజాప్రయోజనం ముడిపడి ఉంటే మూడేళ్లకి తగ్గదు. జరిమానా, మోసం చేసిన మొత్తానికి మూడింతల దాకా. ఎస్ఎఫ్ఐఓ అరెస్ట్ కూడా చేయొచ్చు, ఆ అధికారం 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. బెయిల్ కూడా అంత ఈజీ కాదు.

ఇదంతా విని మా వాడు, "సరే అన్నా, నాలాంటోడు ఏం చేయగలడు?" అన్నాడు. చేయొచ్చురా. సెక్షన్ 213 ప్రకారం వంద మంది సభ్యులు కలిసి, లేదా పదో వంతు ఓటు హక్కు ఉన్నవాళ్లు, ఆధారాలతో ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి దర్యాప్తు అడగొచ్చు. హైదరాబాద్‌లోనే బెంచ్ ఉంది. డీమ్యాట్‌లో నీ పేరు మీద ఒక్క షేరు ఉన్నా నువ్వు సభ్యుడివే. మ్యూచువల్ ఫండ్ ద్వారా కొంటే మాత్రం కాదు, అక్కడ సభ్యుడు ఫండే.

వాడు వెంటనే యాప్ తీసి, తన దగ్గరున్నవాటిలో ఏవి షేర్లో ఏవి ఫండ్లో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.