రెక్క ఎందుకంత నల్లగా ఉంది?

 

మన నల్లరేగడి చేలల్లో గాడిదగడపాకు మొలుస్తుంది. రైతుకు అది కలుపు. ఆ ఆకు తిని పెరిగే గొంగళిపురుగు ఎర్రటి ఒళ్ళు, నల్లటి రెక్కలున్న సీతాకోకచిలుక అవుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని పాక్లియోప్టా అరిస్టలోకియే అంటారు.

జర్మనీలోని కార్ల్స్‌రూహే సాంకేతిక విద్యాసంస్థ, అమెరికాలోని కాల్టెక్ పరిశోధకులు ఆ రెక్క ఎందుకంత నల్లగా ఉందని ఆరా తీశారు. రంగు ఒక్కటే కారణం కాదని తేలింది. రెక్క పొలుసుల్లో సూక్ష్మమైన రంధ్రాలున్నాయి. వాటి పరిమాణం ఒక్కటి కాదు, వరసా లేదు. లోపలికి వెళ్ళిన వెలుగు తేలిగ్గా బయటికి రాదు. పొద్దుటి ఎండలో ఒళ్ళు కాగితేనే ఎగరగల ప్రాణికి అది అవసరం.

పలుచటి సిలికాన్ పొరతో చేసే సౌర ఘటానికి ముడిసరుకు తక్కువ పడుతుంది. కానీ పొర పలుచన కాబట్టి చాలా వెలుగు అందులో నిలవకుండా పోతుంది. అందుకే ఆ పరిశోధకులు, రెక్కలో ఉన్నట్టే, 133 నుంచి 343 నానోమీటర్ల వ్యాసమున్న రంధ్రాలను ఆ పొరలో క్రమం లేకుండా అమర్చి చూశారు. 2017లో ప్రకటించిన ఫలితం ఇది: నునుపు పొరతో పోలిస్తే రంధ్రాలున్న పొర, నిటారుగా పడ్డ వెలుగును 97 శాతం, 50 డిగ్రీల వాలుగా పడ్డ వెలుగును 207 శాతం ఎక్కువగా గ్రహించింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. గ్రహించిన వెలుగు పెరిగినంత మాత్రాన కరెంటు అంతే పెరగదు. మధ్యలో ఇంకా ఎన్నో నష్టాలుంటాయి. శాస్త్రం చదివినవాళ్ళు ఆ తేడాను దాచకుండా చెప్పాలి.

ఫలకం మీద పేరుకునే దుమ్ము కూడా అలాంటి నష్టమే. దానికీ ప్రకృతిలో ఒక పాఠముంది. నీరు అంటని తామరాకు గుట్టును 1997లో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు బార్త్‌లాట్, నైన్‌హూస్ వివరించారు. ఆకు మీది సన్నటి మైనపు బుడిపెల వల్ల నీటిబొట్టు దుమ్మును వెంటబెట్టుకుని జారిపోతుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు సౌర ఫలకాల అద్దానికి దుమ్ము సులువుగా వదిలే పూతలు రూపొందించారు.

మన సింగరాయకొండకు ఒకపక్క పాకల సముద్రతీరం, మరోపక్క పొగాకు, మిరప చేలు. ఉప్పుగాలి, దుమ్ము రెండూ ఫలకాల మీద పేరుకుంటాయి. ఏ నెలలో ఎంత కరెంటు తగ్గుతోంది, ఎన్నాళ్ళకోసారి కడిగితే గిట్టుబాటవుతుంది? ఒక మీటరు, ఒక నోటుపుస్తకం ఉంటే మీరే లెక్క తేల్చవచ్చు. ఆ లెక్క పక్క ఊరి రైతుకు నేరుగా పనికొస్తుంది.

ఈ రోజు మీరు అందుకున్న పట్టా ఏ శాస్త్రంలోనైనా కావచ్చు. రోజూ చూసేదాన్ని ఎందుకని అడగండి. జవాబును కొలవండి. కొలిచినంతే చెప్పండి.