కోర్టుల మన మాట ఏమని రాసిన్రు?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను లా చదివినోణ్ని కాదు. సివిల్ డిప్లొమా చేసి దుబాయి వచ్చిన, సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న. సైట్ల ఒక పద్ధతి ఉంటది, మీకు తెల్సు. డైలీ రిపోర్టుల రాయని పని జరగనట్టే లెక్క. పోసిన స్లాబు కండ్ల ముందు కనబడుతున్నా, కాగితం లేకపోతే బిల్లు పాస్ కాదు. కోర్టు కూడా అంతేనని నాకు ఒక షట్టరింగ్ కార్పెంటర్ కేసుల అర్థమైంది.

మా జగిత్యాల దిక్కు తమ్ముడు. వేరే కంపెనీల 5 నెలల జీతం ఆగితే లేబర్ కేసు వేసిండు. కోర్టు ఫీజు పడలేదు. ఇక్కడి 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం లక్ష దిర్హాంలు దాటని కార్మికుల దావాకు ఏ దశలోనూ ఆ ఫీజు లేదు. అక్కడిదాకా మంచిగనే ఉంది.

వాయిదా నాడు ఆయన "రెండు నెలల జీతంల కొంత చేతికిచ్చిన్రు" అని హిందీల చెప్పిండు. అరబీల రాసిన విచారణ రికార్డుల అది "రెండు నెలల జీతం ముట్టింది" అయ్యింది. తీర్పుల మూడు నెలలదే వచ్చింది. అప్పుడు ఉరికినం, నకలు కోసం. నకలు దొరికింది గానీ చదివేదెవరు? లైసెన్సున్న అనువాదకుడు పేజీకి ఇంతని అడుగుతడు. జీతం రాలేదని కేసు వేసినోడు ఆ పైసలు యాడికెల్లి తెస్తడు? రూముల తలా కొంత వేసుకున్నం. తీరా చూస్తే, మొత్తం చిన్నది కాబట్టి మీది కోర్టుకు పోయే వీలు లేదన్నరు.

తప్పు రాసినోళ్లదా, దుబాసీదా, మావోడే తడబడ్డడా, నేను చెప్పలేను. వాయిదాకు వాయిదాకు నడుమ ఆ కాగితం చదివించుకుని ఉంటే మాత్రం దిద్దమని అడిగేటోళ్లం.

ఈ బాధ మనదొక్కటే కాదు. అమెరికాల ఇల్లినాయ్ రాష్ట్రంల దోపిడీ కేసుల శిక్ష పడ్డ ఇద్దరు, అప్పీలుకు విచారణ రికార్డు కావాలె, కొననీకి పైసల్లేవు అన్నరు. అది గ్రిఫిన్ కేసు. పైసలు లేవన్న కారణంతోని సరైన అప్పీలు లేకుండా చేయొద్దని 1956లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన దేశంల హోస్కట్ కేసు. హైకోర్టు తీర్పు 1973లది. నకలు ఇచ్చినమని జైలువాళ్లు, అందలేదని ఆయన. అందినట్టు సంతకం లేదు. సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేండ్లకు పైనే ఆలస్యం. 1978లో ఆయన పిటిషన్ కొట్టేసిన్రు. కానీ జైలు శిక్ష పడినోనికి తీర్పు నకలు ఉచితంగా, అప్పీలు చేసుకునే టైములోపే అందాలని, అందినట్టు సంతకం తీసుకోవాలని జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పుల రాసిండు.

అవి జైలు కేసులు, మనవి జీతం కేసులు. ఆ తీర్పులు ఇక్కడ చెల్లవు. 2019లో అబుదాబి లేబర్ కోర్టులల్ల అరబీ, ఇంగ్లీషు పక్కన హిందీ పెట్టిన్రు, సంతోషమే. మనోళ్లల్ల హిందీ మాట్లాడేటోళ్లు శానా మంది. చదివేటోళ్లెందరు?

అందుకే మన కమిటీని ఒకటే అడుగుతున్న. టికెట్లకు, దవాఖానకు చందా వేస్తున్నం కదా, అందుల కొంత కోర్టు కాగితాల అనువాదానికి పక్కన పెట్టాలె. మన ఎంబసీ, కాన్సులేట్ల దగ్గర 2009 నుంచి ఉన్న సంక్షేమ నిధి కూడా ఆపదల ఉన్నోళ్లకు న్యాయ సహాయం కోసం వాడతరు. అనువాదం ఖర్చు దాంట్లకెల్లి ఇయ్యమని రాతపూర్వకంగా అడుగుదాం. నోటితోని అడిగితే అది కూడా రికార్డుల ఉండదు.

కేసు నడుస్తున్నోళ్లు ప్రతి వాయిదా అయినంక నకలు అడగండి. తెలియని భాషల ఉన్నదాని మీద సంతకం పెట్టే ముందు చదివి చెప్పమనండి, సిగ్గు పడకండి. ఇయ్యాల ఎవరన్న కాగితాలు తెచ్చుకుంటే, అన్నం తిన్నంక వెనక బల్ల దగ్గరికి రండి. అరబీ చదివే మిత్రుడు ఒకాయన నాలుగింటిదాకా ఉంటనన్నడు.