పాకాల సున్నపురాళ్ళ వయస్సు

మానుకోట ప్రాంతపు పెద్దలకు మున్నేరు తెలియనిది కాదు. ఆ యేరు పుట్టుచోట పాకాల చెరువు కలదు. 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుని కాలమున కొండల నడుమనున్న గండికి కట్టవేసి దానిని నిర్మించిరి. కట్ట వయస్సు సుమారు 800 ఏండ్లని తడుముకొనకుండ చెప్పగలము. అయితే ఆ కట్టకు ఇరువైపుల భుజమిచ్చి నిలిచిన కొండల వయస్సెంత? వానిపై ఏ రాజును తన శాసనమున ఆ తేది చెక్కింపలేదు. ఈ ప్రశ్నకు రసాయన శాస్త్రజ్ఞులు ఎట్లు సమాధానము వెదకిరో నేడు మీకు మనవి చేసెదను.

జనగామ, వరంగల్లు ప్రాంతముల గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏండ్లవి. అచ్చటినుండి గోదావరి దిక్కుగా పోయినకొలది ఆ బండలపై పొరలు పొరలుగా పేర్చినట్లు ఇసుకరాయి, పలకరాయి, సున్నపురాయి కనబడును. ములుగు దగ్గరి మల్లంపల్లి పేర ఒక వరుస కలదు. ఇట్టి పొరరాళ్ళు ఒకప్పుడు నీటి యడుగున పేరుకొన్నవి. నేడు మనము మేకలు తోలుకొనిపోవు గుట్టలలో కొన్ని ఒకనాటి సముద్రపు నేలయే.

ఈ రాళ్ళవెంట నడచి పరిశీలించినవారిలో ముఖ్యుడు విలియం కింగు. 1871లో ఇల్లందు వద్ద బొగ్గును గుర్తించినవాడు ఈయనయే. కడప, కర్నూలు రాళ్ళను గూర్చి 1872లోను, గోదావరి లోయను గూర్చి 1881లోను ఆయన గ్రంథములు వెలువడినవి. మన రాళ్ళకు పాకాల పేరు నిలిచినది. పాకాల రాళ్ళు కడప రాళ్ళను పోలియుండుటచే అవి సమకాలీనములని ఆయన తలచెను.

ఇందుకు ఆయనను తప్పు పట్టరాదు. ఆ కాలమున చేతనున్న సాధనము కన్ను ఒక్కటే. ఇల్లందు బొగ్గుతో చిక్కులేదు. అట్టి బొగ్గుపొరలలో ఆకుల ముద్రలుండును, వానిని అన్యదేశముల ముద్రలతో సరిచూడవచ్చును. పాకాల సున్నపురాళ్ళలోనో, గుల్లయు లేదు, చేపయు లేదు, ఆకును లేదు. అవి ఏర్పడునాటికి అట్టి ప్రాణులు పుట్టనే లేదు. సూక్ష్మజీవులు జిగటపొరలుగా పెరిగి విడిచిన వంపుగీతలు మాత్రము అక్కడక్కడ గలవు. అవి తేదిని నిశ్చయముగా చెప్పజాలవు. మనిషిని పోలిన మనిషి యుండునందురు. రాయిని పోలిన రాయియు నుండును.

ఒకే మూలకపు పరమాణువులలో గుణమొకటే యైనను బరువు వేరైనవి కలవు. వీనిని ఐసోటోపులందురు. వీనిలో కొన్ని స్థిరముగా నుండును. కొన్ని కాలక్రమమున మరియొక మూలకముగా మారిపోవును. ఎండగాని వానగాని ఆ మార్పు వేగమును తగ్గింపవు, హెచ్చింపవు.

అప్పుపత్రముపై తేది చెరిగిపోయినదనుకొనుడు. అసలెంతో, పెరిగిన వడ్డీ యెంతో, వడ్డీరేటెంతో తెలిసినచో అప్పు ఏనాటిదో లెక్కింపలేమా? ఇచ్చట అసలు 40 బరువుగల పొటాషియము. అది 125 కోట్ల ఏండ్లకు సగమగును. మారినదానిలో పదింట ఒక పాలు ఆర్గాను అను వాయువై రేణువులోనే చిక్కుకొనును, తక్కినది కాల్షియమగును. ఆ ఆర్గానే మన వడ్డీ.

సముద్రపుటడుగున గ్లాకోనైటు అను పచ్చని రేణువులు పెరుగును. వానిలో పొటాషియము సమృద్ధిగా నుండును. పాకాల శ్రేణిలో పందికుంట పేరుగల సున్నపురాతి వరుసలో ఇవి దొరకినవి. పాకాల గ్లాకోనైటుకు 1960ల నాటి లెక్క సుమారు 133 కోట్ల ఏండ్లు చెప్పెను. 2011లో వెలువడిన లెక్క పందికుంట రేణువులకు 168 కోట్ల 60 లక్షల ఏండ్లు చెప్పెను. అందలి సందేహము అటునిటు 60 లక్షలు మాత్రమే. రెంటికిని 35 కోట్ల ఏండ్ల తేడా! ఆర్గాను వాయువగుటచే, వేడి సోకినను రేణువు చెడినను జారిపోవును. వడ్డీలో కొంత ఎవరో తీసికొనిపోయినచో పాత అప్పు కొత్తదిగా కనబడుట సహజము గదా. తరువాతి పద్ధతిలో రేణువును మెల్లమెల్లగా కాచి, వాయువు ఎచ్చట చెక్కుచెదరక నిలిచినదో కనిపెట్టుదురు.

కడప వైపునను ఇట్టి వ్యవహారమే జరిగినది. అచ్చటి వేంపల్లె సున్నపురాతికి సీసపు ఐసోటోపులవలన 1999లో సుమారు 175 కోట్ల ఏండ్లని వచ్చెను. పాకాలకు దగ్గర దగ్గరగానే యున్నదని సంతోషింపవలసినదే. కాని 2008లో పులివెందుల దగ్గరి యొక నల్లని అగ్నిశిలకు 188 కోట్ల 50 లక్షల ఏండ్లని తేలెను. ఆ శిల వేంపల్లె రాతికి పైనున్న తాడిపత్రి పొరలలోనికి కరిగిన స్థితిలో చొచ్చుకొనివచ్చినది. మీది మిద్దెగోడకు కొట్టిన మేకుకంటె క్రింది మిద్దె కొత్తది కాజాలదు. కావున వేంపల్లె సున్నపురాయి 188 కోట్లకు మించినదే. 1999 నాటి సాక్ష్యము తరువాతి మార్పులచే చెడినది. కింగు గారు సమకాలీనములనుకొన్న శ్రేణులలో ఈ రెండు సున్నపురాళ్ళకు నడుమ దాదాపు 20 కోట్ల ఏండ్ల ఎడమున్నది.

పచ్చని రేణువుగాని అగ్నిశిలగాని లేనిచోట సున్నపురాతినే అడుగవలెను. సముద్రజలమున స్ట్రాన్షియము అను ధాతువు కలదు. దాని 87, 86 బరువుల పరమాణువుల నిష్పత్తి ఏ కాలమునకైనను సముద్రమంతట ఒకటియే, నేడది 0.7092. పూర్వపు నిష్పత్తి ఆనాటి సున్నపురాతిలో నిలిచియుండును. అది సరిపోలినచో దూరదేశముల రాళ్ళకు చుట్టరికము ఊహింపవచ్చును. 12, 13 బరువుల కర్బనముతోను ఇట్టి పోలిక చూతురు. అయితే సుమారు 180 కోట్లనుండి 80 కోట్ల ఏండ్ల క్రిందటివరకు గల దీర్ఘకాలములో, ముఖ్యముగా మొదటి భాగమున, కర్బనపు నిష్పత్తి పెద్దగా హెచ్చుతగ్గులు లేక సాగినది. పాకాల సున్నపురాయి ఆ నిశ్శబ్దకాలమునకే చెందినదగుటచే, దాని విషయమున కర్బనము నోరు మెదపని సాక్షి.

స్ట్రాన్షియము మాటాడును గాని, గ్రానైటుమీదుగా పారి యింకిన నీరు రాతిలోనికి 87 బరువుదానిని అధికముగా తెచ్చి మాట మార్చగలదు. మాంగనీసు పెరిగి స్ట్రాన్షియము తగ్గిన సున్నపురాతిలో నీరు దూరినదని అనుమానింతురు. అందుచే శాస్త్రజ్ఞులు బండనంతను నూరక, సన్నని బరమాతో మార్పు సోకని చోటనుండి చిటికెడు పొడి తీసి, దానినే పరీక్షింతురు.